ప్రాక్టికల్ షూటింగ్ పోటీలకు పిస్టల్, క్యాలిబర్ ఎంచుకోవడం ఎలా

ప్రాక్టికల్ షూటింగ్‌లో, అంటే కదులుతూ వేర్వేరు లక్ష్యాలను గురిగా, వేగంగా కాల్చే క్రీడలో అడుగుపెట్టేవారు అందరికంటే ముందు అడిగే ప్రశ్న "ఏ పిస్టల్ కొనాలి" అన్నదే. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు అన్నిటికంటే చివరన తేలుతుంది. మీరు ఉండే దేశపు చట్టం ఏ ఆయుధాన్ని, ఏ క్యాలిబర్‌ను (తూటా కొలతను) అనుమతిస్తుందో ముందు తెలుసుకోవాలి. ఆ తరువాత ఏ డివిజన్‌లో (ఆయుధాన్ని బట్టి విడదీసిన పోటీ విభాగంలో) పోటీ పడాలో తేల్చుకోవాలి. డివిజన్ తేలితే క్యాలిబర్ చాలావరకు దానంతట అదే తేలుతుంది. అప్పుడు మిగిలే నాలుగైదు మోడళ్లలో మీ చేతికి సరిపడేది ఏదో చూసుకుంటే చాలు. ఈ వరుసను తలకిందులు చేసి, ముందు పిస్టల్ మీద మనసు పడి కొనేసినవారు, అది తాము ఆడాలనుకున్న డివిజన్‌కు పనికిరాదని తరువాత తెలిసి మళ్లీ మొదటికి రావలసి వస్తుంది.

చట్టం విషయంలో ఊహాగానాలకు తావు ఇవ్వకూడదు. లైసెన్సు, క్యాలిబర్, మ్యాగజైన్ సామర్థ్యం, తూటాల నిల్వ, ఇంట్లో తూటాలు తయారుచేసుకునే వీలు, ఇవన్నీ దేశానికొక విధంగా ఉంటాయి. సైన్యం వాడే క్యాలిబర్లను పౌరులకు ఇవ్వని దేశాలు కూడా ఉన్నాయి. ఇటలీలో చాలా ఏళ్లపాటు పౌరులకు 9×19 (9 మిల్లీమీటర్ల బుల్లెట్, 19 మిల్లీమీటర్ల పొడవున్న లోహపు కేసు) పిస్టళ్లు నిషిద్ధం కావడం వల్ల అక్కడి పోటీదారులు 9×21 ఐఎమ్‌ఐ వాడేవారు. ఇటాలియన్ పోటీ పిస్టళ్లు ఆ క్యాలిబర్‌లో అంత విరివిగా కనిపించడానికి కారణం ఇదే. లైసెన్సు అధికారి నుంచి, మీరు చేరబోయే క్లబ్బు నుంచి స్పష్టమైన సమాధానం వచ్చేంతవరకు మిగతా నిర్ణయాలను ఆపడమే మంచిది.

డివిజన్ ముందు, పిస్టల్ తరువాత

అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య, అంటే ఐపీఎస్‌సీ, 1976లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం కొలంబియా నగరంలో ఏర్పడింది. దాని తొలి అధ్యక్షుడు జెఫ్ కూపర్. ఈ క్రీడ ఆదర్శంగా పెట్టుకున్న మూడు లాటిన్ మాటలు డిలిజెన్షియా, విస్, సెలెరిటాస్. గురి, శక్తి, వేగం అని వాటి అర్థం. మిగతా షూటింగ్ క్రీడలలో గురికీ, కొన్నింటిలో వేగానికీ విలువ ఉంటుంది. తూటా శక్తికి కూడా మార్కులు ఇవ్వడం ఈ క్రీడకున్న ప్రత్యేకత. క్యాలిబర్ గురించి ఇంత చర్చ జరగడానికి మూలం అక్కడే ఉంది.

పిస్టల్ డివిజన్లలో కొత్తవారు ముఖ్యంగా తెలుసుకోవలసినవి అయిదు. ప్రొడక్షన్ డివిజన్‌లో సమాఖ్య ఆమోదించిన జాబితాలోని పిస్టళ్లను, దాదాపు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపంలోనే వాడాలి. మ్యాగజైనుకు 15 తూటాలకు మించి నింపకూడదు. బారెల్ పొడవు 127 మిల్లీమీటర్లు దాటకూడదు. ప్రొడక్షన్ ఆప్టిక్స్ దీనికి దగ్గరి బంధువు, కాకపోతే అందులో స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకూ జరిగే భాగం) మీద రెడ్ డాట్ సైట్ (ఎర్రటి చుక్కతో గురి చూపే అద్దం) ఉంటుంది. స్టాండర్డ్ డివిజన్‌లో ట్రిగ్గర్, గ్రిప్, మ్యాగజైన్ నోరు వంటి భాగాలలో చాలా మార్పులు చేసుకోవచ్చు. అయితే మ్యాగజైన్ పెట్టిన పిస్టల్ 225×150×45 మిల్లీమీటర్ల పెట్టెలో ఇమడాలి. రెడ్ డాట్ గాని, కాంపెన్సేటర్ (వాయువును మళ్లించి పిస్టల్ ఎగరడాన్ని తగ్గించే భాగం) గాని ఉండకూడదు. క్లాసిక్ డివిజన్ 1911 అనే పాత అమెరికన్ సైనిక పిస్టల్ తరహావాటిది. అందులో మేజర్‌కు (ఎక్కువ శక్తి తూటా) మ్యాగజైనుకు 8, మైనర్‌కు (తక్కువ శక్తి తూటా) 10 తూటాలు పరిమితి. ఓపెన్ డివిజన్‌లో రెడ్ డాట్, కాంపెన్సేటర్, పొడవాటి మ్యాగజైన్లు, అన్నీ చెల్లుతాయి. రివాల్వర్‌కు వేరే డివిజన్ ఉంది గాని, మొదటి ఆయుధంగా దానిని ఎంచుకొమ్మని నేను సలహా ఇవ్వను. ఈ నియమాలను ఎప్పటికప్పుడు సవరిస్తుంటారు కనుక కొనే ముందు ప్రస్తుతం అమలులో ఉన్న నియమావళిని, ఆమోదిత జాబితాను స్వయంగా చదవాలి. అమెరికాలో ఈ క్రీడను నడిపే యూఎస్‌పీఎస్‌ఏ సంస్థ నియమావళి కొన్ని చోట్ల దీనికి భిన్నంగా ఉంటుంది. అక్కడి వీడియోలు చూసి ఐపీఎస్‌సీ నియమం అదేననుకుంటే పొరబడతారు. గ్లాక్ 34నే తీసుకోండి. దాని బారెల్ 135 మిల్లీమీటర్లు, అంటే ఐపీఎస్‌సీ ప్రొడక్షన్ పరిమితి కంటే 8 మిల్లీమీటర్లు ఎక్కువ.

మేజర్, మైనర్: అసలు లెక్క

తూటా శక్తిని పవర్ ఫ్యాక్టర్ అనే అంకెతో కొలుస్తారు. బుల్లెట్ బరువును గ్రెయిన్లు అనే చిన్న తూకపు కొలతలో, వేగాన్ని సెకనుకు అడుగులలో తీసుకుని, రెండింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే ఆ అంకె వస్తుంది. 124 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 1050 అడుగుల వేగంతో వెళితే పవర్ ఫ్యాక్టర్ 130.2. మైనర్‌గా పరిగణించాలంటే కనీసం 125 ఉండాలి. మేజర్‌గా పరిగణించాలంటే స్టాండర్డ్, క్లాసిక్, రివాల్వర్ డివిజన్లలో 170, ఓపెన్‌లో 160 ఉండాలి. ప్రొడక్షన్, ప్రొడక్షన్ ఆప్టిక్స్ డివిజన్లలో ఎంత శక్తివంతమైన తూటా వాడినా మైనర్ లెక్కే వేస్తారు. కాబట్టి ఆ రెండింటిలో పెద్ద క్యాలిబర్ వల్ల మార్కుల రూపంలో వచ్చే లాభం ఏమీ లేదు.

లక్ష్యం మీద ఏ, సీ, డీ అనే మూడు మండలాలు ఉంటాయి. ఏ మండలానికి ఎవరికైనా 5 మార్కులే. సీ మండలానికి మేజర్ అయితే 4, మైనర్ అయితే 3. డీ మండలానికి మేజర్ అయితే 2, మైనర్ అయితే 1. వచ్చిన మార్కులను పట్టిన సమయంతో భాగిస్తే హిట్ ఫ్యాక్టర్ వస్తుంది. స్టేజ్ (పోటీలోని ఒక్కో అంకం) గెలిచేది, ఓడేది ఆ అంకె మీదనే.

ఈ తేడా ఎంతవరకు నిజమైన తేడా అన్నది లెక్క వేస్తేనే తెలుస్తుంది. 24 తూటాల స్టేజ్‌ను ఒక షూటర్ 12 సెకన్లలో ముగించి, 16 ఏ, 7 సీ, 1 డీ సాధించాడనుకుందాం. మైనర్‌లో అతనికి 102 మార్కులు, హిట్ ఫ్యాక్టర్ 8.50. అవే దెబ్బలు మేజర్‌లో పడి ఉంటే 110 మార్కులు, హిట్ ఫ్యాక్టర్ 9.17. మైనర్ షూటర్ ఈ తేడాను వేగంతో పూడ్చుకోవాలంటే అదే స్టేజ్‌ను దాదాపు 11.13 సెకన్లలో ముగించాలి, అంటే 0.87 సెకను ముందుగా. ఇది చిన్న విషయం కాదు. ఇప్పుడు గురి కుదిరిన షూటర్‌ను తీసుకోండి. అదే 12 సెకన్లలో అతను 22 ఏ, 2 సీ సాధిస్తే మైనర్‌లో 116, మేజర్‌లో 118 మార్కులు. ఈ తేడాను పూడ్చడానికి అతనికి కావలసింది 0.2 సెకను మాత్రమే. గురి మెరుగుపడేకొద్దీ మేజర్ ఇచ్చే లాభం కరిగిపోతుంది. మేజర్ తూటా రికాయిల్‌ను (పేలినప్పుడు పిస్టల్ వెనక్కి తన్నడాన్ని) అదుపు చేయడానికి ప్రతి రెండు గుండ్ల నడుమ పట్టే అదనపు సమయాన్ని కూడా ఈ లెక్కలో కలిపి చూడండి. కొత్తవారికి మేజర్ ఎందుకు లాభించదో అర్థమవుతుంది. సీ, డీ దెబ్బలు ఎక్కువగా పడేది వారికే, అందుకని కాగితం మీద మేజర్ వారికి మేలు చేయాలి. కాని పెద్ద తూటా రికాయిల్ వారి గురిని ఇంకా చెదరగొట్టి, ఆ మేలును తిరిగి లాగేసుకుంటుంది.

క్యాలిబర్ల మధ్య ఎంపిక

9×19 పారాబెల్లమ్ 1902 నాటిది. ప్రపంచంలో ఎక్కువ చోట్ల, ఎక్కువ రకాలలో దొరికే పిస్టల్ తూటా ఇదే. ప్రొడక్షన్, ప్రొడక్షన్ ఆప్టిక్స్ డివిజన్లలో కనీస అర్హత కలిగిన తూటా కూడా ఇదే. మొదటి పిస్టల్ ఈ క్యాలిబర్‌లోనే కొనాలన్నది నా నిశ్చితాభిప్రాయం. ఈ క్రీడలో నైపుణ్యం కాల్చిన తూటాల సంఖ్య మీద ఎంతగానో ఆధారపడుతుంది. అందువల్ల సులువుగా దొరికే, చేతిని అలసట పెట్టని తూటా మీకు ఎక్కువ అభ్యాసాన్ని ఇస్తుంది.

9×19లో కూడా బుల్లెట్ బరువును బట్టి అనుభూతి మారుతుంది. 115 గ్రెయిన్ల బుల్లెట్ 130 పవర్ ఫ్యాక్టర్ చేరడానికి సెకనుకు సుమారు 1135 అడుగుల వేగం కావాలి. 147 గ్రెయిన్ల బుల్లెట్‌కు 885 అడుగులు చాలు. బరువైన బుల్లెట్‌కు పేలుడు మందు తక్కువ పడుతుంది కనుక బారెల్ నుంచి వెలువడే వాయువు కూడా తక్కువ. దానివల్ల రికాయిల్ మెత్తగా, నెమ్మదిగా తోసినట్లు ఉంటుంది. తేలిక బుల్లెట్ చురుగ్గా తన్నుతుంది, స్లైడ్ కూడా త్వరగా వెనక్కి వచ్చి ముందుకు పోతుంది. కొందరికి ఆ చురుకుదనమే నచ్చుతుంది, వారి గురి త్వరగా తిరిగి కుదురుతుంది. మీకు ఏది నప్పుతుందో కాల్చి చూస్తే తప్ప తెలియదు. ఒక్కొక్క రకం నుంచి ఒక చిన్న పెట్టె తెచ్చుకుని పోల్చి చూడండి, ఒకేసారి వేలకొద్దీ కొనకండి.

.40 ఎస్ అండ్ డబ్ల్యూ 1990లో వచ్చింది. స్టాండర్డ్ డివిజన్‌లో మేజర్‌గా పరిగణించాలంటే బుల్లెట్ వ్యాసం కనీసం 10 మిల్లీమీటర్లు ఉండాలని నియమం. .40 బుల్లెట్ వ్యాసం 10.16 మిల్లీమీటర్లు కనుక ఆ గీతను సరిగ్గా దాటుతుంది. .45 కంటే సన్నగా ఉండడం వల్ల అదే మ్యాగజైన్‌లో ఎక్కువ తూటాలు పడతాయి. అందుకే స్టాండర్డ్ డివిజన్ చాలాకాలం ఈ తూటా చేతిలోనే ఉంది. 180 గ్రెయిన్ల బుల్లెట్ 960 అడుగుల వేగంతో వెళితే పవర్ ఫ్యాక్టర్ 172.8. అయితే ఫ్యాక్టరీ తూటాలలో పోటీకి అనువైనవి 9×19తో పోలిస్తే తక్కువ రకాలే. చట్టం అనుమతించిన చోట తూటాలను స్వయంగా తయారుచేసుకునేవారికే ఈ క్యాలిబర్ పూర్తిగా ఉపయోగపడుతుంది.

.45 ఏసీపీ నేటికీ క్లాసిక్ డివిజన్ అభిమానులది. 230 గ్రెయిన్ల బుల్లెట్ 750 అడుగుల నెమ్మదైన వేగంతోనే 172.5 చేరుతుంది. అయితే 8 తూటాలకొకసారి మ్యాగజైన్ మార్చాలి. దానివల్ల స్టేజ్‌లో ఎక్కడ నడుస్తూ మార్చాలి, ఎక్కడ ఆగి కాల్చాలి అన్న ఆలోచనే వేరుగా సాగుతుంది. ఆ ఆలోచనను ఇష్టపడేవారే ఈ డివిజన్‌లో ఆనందిస్తారు.

ఓపెన్ డివిజన్‌లో లెక్క తిరగబడుతుంది. కాంపెన్సేటర్ పనిచేయాలంటే వాయువు ఎక్కువ కావాలి, కనుక తేలిక బుల్లెట్, ఎక్కువ మందు అక్కడ లాభిస్తాయి. 1929లో వచ్చిన .38 సూపర్ ఇందుకు బాగా సరిపోయింది. దాని కేసు పొడవు సుమారు 23 మిల్లీమీటర్లు, మందుకు చోటు ఎక్కువ. 9×19 కేసు 19 మిల్లీమీటర్లే. అయినా ఖాళీ కేసులు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి గనుక ఎందరో 9×19తోనే మేజర్ సాధిస్తున్నారు. ఇక్కడ ఒక హెచ్చరిక ముఖ్యం. 9×19లో మేజర్ తూటా ఆ క్యాలిబర్‌కు ప్రామాణికంగా నిర్ణయించిన ఒత్తిడిని దాటుతుంది. దానికోసమే తయారైన ఓపెన్ పిస్టల్‌లో తప్ప మరే 9×19 పిస్టల్‌లోనూ దానిని కాల్చకూడదు. ఆ తూటాల పెట్టె మామూలు తూటాలతో కలిసిపోకుండా విడిగా, స్పష్టమైన గుర్తుతో ఉంచాలి. తూటాల తయారీలో ఎంతో అనుభవం ఉన్నవారు పక్కన ఉండి నేర్పితే తప్ప ఈ దారి తొక్కవద్దు.

మోడల్: చేయి చెప్పేది వినాలి

ప్రొడక్షన్‌లో పిస్టళ్లు ప్రధానంగా రెండు జాతులు. మొదటిది ఉక్కు చట్రం, బయటికి కనిపించే హ్యామర్ (పేల్చే పిన్నును కొట్టే సుత్తి) ఉన్నవి. సీజెడ్ షాడో 2, టాన్‌ఫోల్యో స్టాక్ 2, బెరెట్టా 92ఎక్స్ పెర్ఫార్మెన్స్ ఈ కోవలోవి. రెండవది పాలిమర్ చట్రం, స్ట్రైకర్ (లోపలే ఉండి తూటాను పేల్చే పిన్ను) ఉన్నవి. గ్లాక్ 17, వాల్తర్, కానిక్ పిస్టళ్లు వీటికి ఉదాహరణలు. షాడో 2 బరువు సుమారు 1330 గ్రాములు, గ్లాక్ 17 దానిలో సగానికి కాస్త అటూ ఇటూ. బరువైన పిస్టల్ తక్కువ ఎగురుతుంది, రెండవ గుండుకు సైట్లు త్వరగా చోటికి చేరతాయి. అయితే ఒక లక్ష్యం నుంచి మరొక లక్ష్యానికి తిప్పి చప్పున ఆపడానికి మణికట్టు, ముంజేయి గట్టిగా ఉండాలి. సన్నని మణికట్టు ఉన్నవారు దుకాణంలో ఒక నిమిషం పట్టుకుని కాక, చేతులు చాచి ఆ బరువుతో పదిహేను నిమిషాలు డ్రై ఫైర్ (ఖాళీ పిస్టల్‌తో ట్రిగ్గర్ లాగే సాధన) చేసి చూస్తే సత్యం తెలుస్తుంది.

ట్రిగ్గర్ విషయం ఇంకా లోతైనది. ప్రొడక్షన్ నియమం ప్రకారం హ్యామర్ ఉన్న పిస్టల్‌ను హ్యామర్ దించిన స్థితిలోనే హోల్‌స్టర్‌లో ఉంచాలి. కనుక మొదటి గుండు డబుల్ యాక్షన్‌లో (ట్రిగ్గరే హ్యామర్‌ను లేపి వదిలే తీరులో) పొడవుగా, బరువుగా లాగాలి. తరువాతి గుండ్లన్నీ తేలికైన సింగిల్ యాక్షన్‌లో (హ్యామర్ అప్పటికే లేచి ఉండే తీరులో) వెళతాయి. మొదటి గుండుకు కనీసం 2.27 కిలోల లాగుడు ఉండాలి, లేదా ప్రతి గుండుకూ కనీసం 1.36 కిలోలు ఉండాలి. స్ట్రైకర్ పిస్టల్‌లో ప్రతి గుండుకూ లాగుడు ఒకే తీరుగా ఉంటుంది, నేర్చుకోవలసింది ఒక్కటే. డబుల్ యాక్షన్ మొదటి గుండును సాధించడానికి నెలల అభ్యాసం పడుతుంది గాని, అది చేతికి వచ్చాక సింగిల్ యాక్షన్ ట్రిగ్గర్ హాయి వేరు. మరొక సంగతి: డీకాకర్ (హ్యామర్‌ను భద్రంగా దించే మీట) లేని పిస్టల్‌లో తూటా గదిలో (బారెల్ వెనక తూటా కూర్చునే చోట) ఉండగా హ్యామర్‌ను వేలితో పట్టి మెల్లగా దించాలి. అప్పుడు వేలు జారి గుండు పేలితే పోటీ నుంచి వెంటనే తొలగిస్తారు. గొట్టం ఎల్లప్పుడూ సురక్షితమైన దిశలో ఉంచి, ముందుగా ఖాళీ పిస్టల్‌తో ఈ పనిని ఎన్నోసార్లు సాధన చేయాలి.

చేతికి కుదిరిందో లేదో చూడడానికి ఇలా పరీక్షించండి. పిస్టల్ ఖాళీగా ఉందని మ్యాగజైన్ తీసి, గదిని కళ్లతో చూసి, వేలితో తాకి నిర్ధారించుకోండి. బొటనవేలు, చూపుడువేలి మధ్య ఉన్న మడత గ్రిప్ పైభాగానికి ఆనేలా పట్టుకోండి. ముంజేయి, బారెల్ ఒకే గీతలో ఉండాలి. ఆ పట్టును కదల్చకుండా చూపుడువేలి మొదటి కణుపు మెత్తని భాగం ట్రిగ్గర్ మీద నిలవాలి. హ్యామర్ పిస్టల్ అయితే డబుల్ యాక్షన్ స్థితిలో కూడా అందాలి. వేలి కొస మాత్రమే తగులుతుంటే ట్రిగ్గర్ లాగిన ప్రతిసారీ గొట్టం ఒక పక్కకు జరుగుతుంది. కొన్ని మోడళ్లకు సన్నని గ్రిప్ పలకలు, చేరువ ట్రిగ్గర్లు దొరుకుతాయి. అవి మీ డివిజన్‌లో చెల్లుతాయో లేదో ముందే తెలుసుకోండి. తరువాత కళ్లు మూసుకుని పిస్టల్‌ను లక్ష్యం వైపు చాచి, కళ్లు తెరవండి. సైట్లు ఒకే వరుసలో కనిపిస్తే ఆ గ్రిప్ కోణం మీ దేహానికి సహజమైనది. ముందు సైట్ ప్రతిసారీ పైకో, కిందికో ఉంటే అభ్యాసంతో సరిదిద్దుకోవచ్చు గాని, అంత శ్రమ అవసరం లేని పిస్టల్ మరొకటి ఉండవచ్చు. ముందు సైట్ మసకగా కనిపించే వయసు వచ్చినవారు ప్రొడక్షన్ ఆప్టిక్స్‌ను తప్పక ఆలోచించాలి. రెడ్ డాట్‌తో చూపు లక్ష్యం మీదనే నిలుస్తుంది.

ఆఖరుకు రెండు పిస్టళ్లు మిగిలితే, క్లబ్బులో అడిగి తీసుకుని, అధికారి సమక్షంలో రెండింటినీ టైమర్ మీద పోల్చండి. పది మీటర్ల దూరంలో మూడు లక్ష్యాలు, ఒక్కొక్కదానికి రెండు గుండ్లు, మ్యాగజైన్ మార్పు, మళ్లీ రెండేసి గుండ్లు. రెండు పిస్టళ్లనూ మార్చి మార్చి అయిదేసి సార్లు కాల్చి, ప్రతిసారీ హిట్ ఫ్యాక్టర్ రాసుకోండి. సమయం ఒక్కటే చూస్తే మోసపోతారు. ఇరవై అయిదు మీటర్ల దూరంలో నెమ్మదిగా కాల్చి గుండ్లు ఎంత దగ్గరగా పడుతున్నాయో కూడా చూడండి. పేరున్న ఛాంపియన్ వాడే మోడల్ అన్న కారణం ఈ కాగితం మీది అంకెల ముందు నిలవదు.

కొన్న తరువాత, పోటీకి ముందు

ఒకే తూటా అన్ని బారెళ్లలో సమానంగా ఇమడదు. సీజెడ్ పిస్టళ్లలో తూటా గదికి ముందున్న ఖాళీ తక్కువ అన్నది అందరికీ తెలిసిన విషయమే. మరో పిస్టల్‌లో బాగా పనిచేసిన పొడవైన తూటా అందులో బారెల్ లోపలి గాడులకు తగిలి, స్లైడ్ పూర్తిగా మూసుకోకపోవచ్చు. తూటాల రకం మార్చిన ప్రతిసారీ బారెల్‌ను పిస్టల్ నుంచి విడదీసి, కొన్ని తూటాలను గదిలో వేసి చూడండి. తూటా తన బరువుతోనే దిగి, వేలితో తిప్పితే తిరిగి, బారెల్ తలకిందులు చేస్తే జారి పడాలి.

పోటీలో మీ తూటాలను నమూనాగా తీసుకుని, బుల్లెట్ బరువు తూచి, క్రోనోగ్రాఫ్ మీద వేగం కొలుస్తారు. మేజర్ అని చెప్పుకున్న తూటా 170 (ఓపెన్‌లో 160) చేరకపోతే మైనర్ మార్కులే వేస్తారు. 125 కూడా చేరకపోతే మీరు కాల్చడం కొనసాగించవచ్చు గాని మార్కులు లెక్కించరు. పెట్టె మీద అచ్చువేసిన వేగం మీ బారెల్‌లో రావాలని లేదు. చలి, వేడి, యంత్రాల మధ్య తేడా కూడా అంకెను మారుస్తాయి. అందువల్ల మైనర్‌కు 130, 170 కావలసిన మేజర్‌కు 173 నుంచి 175 వరకు వచ్చేలా మీ పిస్టల్‌లోనే కొలిచి చూసుకోండి.

స్టేజ్‌కు గరిష్ఠంగా 32 తూటాలు పడతాయి. ప్రొడక్షన్‌లో లెక్కకు మూడు మ్యాగజైన్లు చాలు గాని, గురి తప్పినవాటికి, తూటా ఇరుక్కుంటే పారేయవలసినవాటికి కలిపి అయిదు ఉంచుకోండి. ప్రతి మ్యాగజైన్‌కు అంకె రాయండి. ఒకే అంకె ఉన్నది పదే పదే ఇబ్బంది పెడితే దానిని అభ్యాసానికి పరిమితం చేయవచ్చు. రికాయిల్ స్ప్రింగ్, ఎక్స్‌ట్రాక్టర్, స్లైడ్ స్టాప్, ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ వంటి విడిభాగాలు మీరున్న చోట దొరికే మోడల్‌నే కొనడం తెలివైన పని. కొత్త పిస్టల్‌తో, పోటీకి వాడబోయే అదే తూటాలతో, అవే మ్యాగజైన్లతో కనీసం రెండు వందల గుండ్లు ఒక్క అడ్డంకి లేకుండా పేలాకే ఆ పిస్టల్ పేరును పోటీ దరఖాస్తులో రాయండి.